అర కిలోమీటరు రేడియో

మైకు కూసిందంటే మా కల్లూరులో, మా వీధివరకైతే, అందరూ ముందు నావైపే చూస్తారు. మూడేళ్లుగా నాకిది అలవాటైపోయింది.

నవలలు రాసుకునే ఆవిడకు మైకుసెట్టు దగ్గర ఏం పని అని మీకు అనుమానం రావచ్చు. మా అత్తగారికి వచ్చింది. మావారికీ వచ్చే ఉంటుంది గానీ ఆయన పైకి అనలేదు. "రాత్రి భోజనం సంగతేమిటి?" అని మాత్రం అడిగారు. రెండూ ఒకే ప్రశ్న అనుకోండి!

అసలు జరిగిందేమిటంటే, మూడేళ్ల కిందటి శ్రీరామనవమికి మా వీధి రామాలయంలో ఆడవాళ్ల భజన, ఆ తరవాత కోలాటం పెట్టుకున్నాం. మైకుసెట్టు కుర్రాడు సామాను దింపి, వైర్లు కలిపి, "అక్కా, ఇంగో పెండ్లి ఉంది. బాక్సులు పెట్టేసి పది నిమిషాల్లో వస్తా" అని పోయినవాడు గంటన్నర దాటినా పత్తా లేడు. ఈలోగా భజన మొదలుపెట్టేశారు. హార్మోనియం ఊరంతా వినబడుతోంది. పాడే పెద్దావిడ నోరు కదులుతోందే గానీ మాట బయటికి రావడం లేదు. డెబ్బై ఏళ్ల మనిషి. ఏడాదికొక్కసారి పాడుతుంది. గొంతు పెంచి పెంచి మెడనరాలు తేలిపోతున్నాయి. అంతలో మైకు 'కీ' మని కూసింది. చంటిపిల్లలు ఏడుపు లంకించుకున్నారు.

ఇక కూర్చోలేక లేచి వెళ్లాను. ఆ పెట్టెమీద వరసగా మీటలున్నాయి. ఏది ఎవరిదో తెలియదు. ఒక్కొక్కటే కాస్త కిందికీ పైకీ జరిపి చూస్తే మూడోది హార్మోనియానిదని తేలింది. దాన్ని సగానికి దించాను. అంతే! పెద్దావిడ గొంతు గుడి బయటికి నడిచి వచ్చింది. ఆవిడ పాట ఆపకుండానే నావైపు తిరిగి తల ఊపింది. నా నవలలకు వచ్చిన ఉత్తరాలన్నీ ఒక ఎత్తు, ఆ తల ఊపడం ఒక ఎత్తు.

తరవాత ఆ కుర్రాడి తండ్రి దగ్గర పని నేర్చుకున్నాను. నలభై ఏళ్లుగా మైకుసెట్లు అద్దెకిస్తున్న మనిషి. "మైకు మనిషిలాంటిదేనమ్మా. దాని మాట దానికే తిరిగి వినపడిందంటే రేగిపోయి అరుస్తాది" అన్నాడు. ఇంజనీరింగు పుస్తకం ఇంతకంటే బాగా ఏం చెప్పగలదు? బాక్సులోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులో పడుతుంది. అది మళ్లీ పెరిగి బాక్సులోంచి వస్తుంది. ఆ చక్రం ఆగదు, అదే ఆ కూత. అందుకే బాక్సుల్ని మైకుకు ముందువైపు, అంటే జనం వైపు జరపాలి. పాడేవాళ్లు మైకుకు దగ్గరగా రావాలి. మన ఆడవాళ్లు మైకును చూడగానే ఒక అడుగు వెనక్కి వేస్తారు. అక్కడే వస్తుంది చిక్కంతా. నేను చేసే పనిలో సగం మీటలు జరపడమైతే, మిగతా సగం "ముందుకు రా వదినా, కరవదులే" అనడమే.

ఇది జీతం లేని పని. ఉగాదికి, దసరాకి, వినాయకచవితికి, ఎప్పుడైనా పద్యనాటకం వస్తే దానికి, పిల్లల పాటలపోటీలకు కూర్చుంటాను. (ఉగాదికి మా చౌడేశ్వరి గుడిచుట్టూ బురదలో గాడిదలనూ బండ్లనూ తిప్పుతారే, ఆ సందడికి మాత్రం మైకు అక్కర్లేదు. దాని ముందు ఏ బాక్సులూ ఆనవు.)

నాకు వైర్లు చుట్టిపెట్టే ఒక అమ్మాయి ఉంది. తొమ్మిదో తరగతి. ఒకరోజు వైరు మోచేతికి చుడుతూ, "ఆంటీ, ఈ పని ఆడోళ్లు చేసేదేనా?" అంది. "ఎందుకు చెయ్యరే, బోలెడుమంది!" అనేశాను. ఇంటికొచ్చి పడుకున్నాక ఆ బోలెడుమందిలో ఒక్కరి పేరైనా చెప్పమంటే నాకు తోచలేదు. అబద్ధం చెప్పినట్టయింది. ఆ అబద్ధాన్ని నిజం చేద్దామని పుస్తకాలూ పాత పత్రికలూ తిరగేయడం మొదలుపెట్టాను. అలా దొరికిన కథే మీకు చెబుతున్నాను.

మైకు ముందు ఆడవాళ్లకు మనదేశంలో కొరత లేదు. మైకు లేని రోజుల్లోనూ లేదు. మా పక్క కడప జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావుగారు 'కీచకవధ' ఆడించారు. అక్కడ పుట్టిన సురభి నాటక కుటుంబాల్లో ఆడవేషాలు ఆడవాళ్లే కట్టారు. పోనుపోను మగవేషాలూ కట్టారు. ఒడిలో బిడ్డను పక్కనున్నవాళ్లకిచ్చి రంగం మీదికొచ్చి, చివరి వరసలో నేలమీద కూర్చున్నవాడికి కూడా వినబడేలా పద్యం ఎత్తుకున్న గొంతులవి. ఇవాళ నా దగ్గర ఇన్ని మీటలున్నా ఆ పని చెయ్యలేను.

ఆ 1885నే గుర్తు పెట్టుకోండి. ఇంగ్లీషు దొరలు ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం చేసింది ఆ సంవత్సరమే. సురభి నాటకానికీ తంతి తపాలాకీ ఏమిటమ్మా సంబంధం అంటారా? ఉంది. కాస్త ఓపిక పట్టండి.

రేడియో అనగానే మనకు ఆకాశవాణి గుర్తొస్తుంది, సర్కారు గుర్తొస్తుంది. కానీ మన ప్రాంతంలో రేడియో పుట్టింది సర్కారు చేతిలో కాదు. కర్నూలు, కడప మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1924లో, సి.వి. కృష్ణస్వామి శెట్టిగారూ ఆయన స్నేహితులూ కలిసి మద్రాసులో ఒక రేడియో క్లబ్బు పెట్టారు. ఆ జులై 31న ప్రసారం మొదలుపెట్టారు. వాళ్ల యంత్రం బలమెంతో తెలుసా? 40 వాట్లు. మనం వంటింట్లో వెలిగించుకున్న పాతకాలపు బల్బంత! ఉత్సాహమున్నవాళ్లు తలా ఇంత వేసుకుని నడిపిన క్లబ్బు. డబ్బు చాలక 1927లో మూతపడింది. యంత్రాన్ని మద్రాసు కార్పొరేషన్‌కి ఇచ్చేశారు. 1930 నుంచి కార్పొరేషనే ప్రసారాలు నడిపింది. 1938లో మద్రాసులో ఆల్ ఇండియా రేడియో వచ్చింది. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం, 1963 జూన్‌లో మా కడప కేంద్రం. అంటే, మొదట పదిమంది సరదాకి చేసిన పని సర్కారీ ఉద్యోగమైంది. ఉద్యోగం కావడంలో తప్పేమీ లేదు. ఆ ఉద్యోగులు మనకు పెట్టిన సంగీతభిక్ష తక్కువది కాదు. కాకపోతే అప్పట్నుంచి రేడియో వినేవాళ్లు వేరు, నడిపేవాళ్లు వేరు అయ్యారు.

ఆడగొంతులు మాత్రం అక్కడా వెలిగాయి. రేడియో అక్కయ్య న్యాయపతి కామేశ్వరిగారి బాలానందం వింటూ పెరిగిన అమ్మలకు పుట్టినవాళ్లం మనం. అయితే స్టూడియోలో ఒక అద్దం ఉంటుంది. అద్దానికి ఇవతల మైకు, మాట్లాడే మనిషి. అవతల మీటల బల్ల, శబ్దాన్ని పెంచి తగ్గించే మనిషి. నేను బి.ఏ. అయ్యాక ఒక రేడియో కేంద్రంలో గొంతు పరీక్షకు వెళ్లాను. ఏ కేంద్రమో వద్దులెండి. గొంతు బాగుందన్నారు. వచ్చేముందు, అద్దం అవతలున్న ఆ బల్ల ఒక్కసారి చూడొచ్చా అని అడిగాను. ఆ పెద్దమనిషి ఎంతో ఆప్యాయంగా, "అవన్నీ నీకెందుకమ్మా, నువ్వు చల్లటివి తాగకుండా గొంతు కాపాడుకో" అన్నారు. ఆయన మీద నాకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. ఇరవయ్యేళ్లు ముందుగానే ఈ పనిలోకి దిగి ఉండేదాన్ని.

ఇక ఒక క్రికెట్ తగువు గురించి చెప్పాలి. మన ఇళ్లల్లో క్రికెట్ వల్ల కూర మాడడం తప్ప మరో ప్రయోజనం కనబడదు గదా, ఇక్కడ కనబడుతుంది. 1993లో బెంగాల్ క్రికెట్ సంఘంవాళ్లు హీరో కప్ పోటీలు పెట్టారు. వాటిని టీవీలో చూపించే హక్కు ఎవరిదన్న దగ్గర సర్కారుకూ వాళ్లకూ పేచీ వచ్చి సుప్రీంకోర్టు దాకా పోయింది. 1995 ఫిబ్రవరి 9న తీర్పు వచ్చింది. ముగ్గురు న్యాయమూర్తులు: పి.బి. సావంత్‌గారు, ఎస్. మోహన్‌గారు, మన తెలుగువారైన బి.పి. జీవన్‌రెడ్డిగారు. గాలిలో తిరిగే రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పిన తీర్పు అది. సర్కారు వాటికి కాపలాదారే గానీ సొంతదారు కాదన్నమాట. ఆటగాళ్ల కోసం తవ్విన బావిలో మనకు నీళ్లు పడ్డాయి. ఆ నీళ్లు తోడుకోవడానికి చేంతాడు ఇవ్వడానికి మాత్రం ఏళ్లూ పూళ్లూ పట్టింది.

ఇప్పుడు మా రోడ్డు మీదికి వద్దాం. కల్లూరులో నంద్యాల చెక్‌పోస్టు దగ్గర బస్సెక్కితే ఇరవై పాతిక కిలోమీటర్లలో ఓర్వకల్లు వస్తుంది. రోడ్డు పక్కన ఎవరో పేర్చిపెట్టినట్టు ఎర్రటి రాళ్లగుట్టలుంటాయి. వానలకు మొహం వాచిన నేల. ఆ ఊరి చుట్టుపక్కల ఆడవాళ్లు 1990ల నడుమ పొదుపుసంఘాలు పెట్టుకున్నారు. ఐక్యరాజ్యసమితి చేయూతతో వచ్చిన పేదరిక నిర్మూలన పథకం వాళ్లను కూడగట్టింది. రూపాయి రూపాయి దాచి, ఒకరికొకరు పూచీపడి అప్పులిచ్చుకుని, పసిపిల్లల్ని పనిలోంచి తప్పించి బడికి పంపి, వాళ్లు చేసిన పనులు చూడడానికి ఎక్కడెక్కడివాళ్లో వచ్చేవారు. వడ్డీవ్యాపారితో గొంతెత్తి మాట్లాడడం నేర్చినవాళ్లకు మైకు ఒక లెక్కా?

2002 అక్టోబరులో ఆ ఓర్వకల్లులో ఒక రేడియో మొదలైంది. దాని పేరు 'మన రేడియో'. పొదుపుసంఘాల ఆడవాళ్లే నడిపారు. చిన్న ప్రసార యంత్రం. అది అర కిలోమీటరు దాకా వినబడేది. మళ్లీ చెబుతున్నాను, అర కిలోమీటరు. ఎఫ్.ఎం. తరంగం చూపులాంటిది, తిన్నగా పోతుంది. పెద్ద స్తంభం మీద బలమైన యంత్రం పెడితే పాతిక మైళ్లు పోతుంది. మిద్దెమీద చిన్న యంత్రం పెడితే నాలుగు వీధులు పోతుంది. మన పెళ్లిళ్లలో కట్టే మైకుసెట్టు ఇంతకంటే దూరం పోతుంది, కాకపోతే దానికి ఎవరి అనుమతీ అడగం.

నాలుగు నెలలు నడిచింది. 2003 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వ అధికారులు వచ్చి, ఇది చట్టవిరుద్ధమని యంత్రాన్ని పట్టుకుపోయారు. ఏ చట్టానికి విరుద్ధమంటే, అదిగో, 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టానికి. మార్కోనీ పదకొండేళ్ల పిల్లాడిగా ఉన్నప్పుడు, రేడియో అన్నమాటే లోకానికి తెలియనప్పుడు, తంతితీగల కోసం తెల్లదొర చేసిన చట్టం. తరవాత్తరవాత దాన్ని తీగలేని తంతికి కూడా సాగదీశారు. సురభి ఆడవాళ్లు గొంతెత్తిన సంవత్సరమే పుట్టి, నూటపద్దెనిమిదేళ్ల తరవాత ఓర్వకల్లు ఆడవాళ్ల గొంతు నొక్కింది. ఇదీ ఆ రెండింటికీ ఉన్న సంబంధం.

అనుమతి తీసుకుని పెట్టుకోవచ్చుగా అంటారేమో. నాకూ మొదట అదే తోచింది. విచారిస్తే తెలిసిందేమిటంటే, అలాంటి అనుమతి అన్నదే లేదప్పుడు. 2002 డిసెంబరులో కేంద్రం ఒక విధానం తెచ్చింది గానీ అది పేరున్న విద్యాసంస్థలకు మాత్రమే. దాని ప్రకారం మద్రాసులో అన్నా విశ్వవిద్యాలయం 2004 ఫిబ్రవరిలో తన రేడియో పెట్టుకుంది. కాలేజీలు రేడియో పెట్టుకోవచ్చు, పొదుపుసంఘాలు పెట్టుకోకూడదు. పట్టా ఉన్నవాళ్ల మాట గాలిలో పోవచ్చు, వేలిముద్ర నుంచి సంతకానికి కష్టపడి వచ్చినవాళ్ల మాట పోకూడదు. గాలి ప్రజలదేనని కోర్టు చెప్పిన ఎనిమిదేళ్లకు కూడా ఇదీ పరిస్థితి.

అధికారుల్ని తిట్టడం తేలిక. సరిహద్దులున్న దేశం, ఎవరు పడితే వాళ్లు ప్రసారాలు చేస్తే ఎలా అన్న భయమూ ఉత్తదేమీ కాదు. బీహారులో వైశాలి జిల్లాలో రాఘవ్ అనే రేడియో మరమ్మతు కుర్రాడు యాభై రూపాయల సామానుతో ఊరిమందికీ పాటలు వినిపించాడు. 2006లో అదీ మూయించారు. పాటల రేడియో మూసిందీ, పొదుపుసంఘాల రేడియో మూసిందీ ఒకే కలం. ఆ కలానికి తేడా తెలియదు. నా బాధంతా అక్కడే.

నిజానికి నా బాధ ఇంకోటి కూడా ఉంది. ఆ నాలుగు నెలలూ నేనెక్కడున్నాను?

నాది నంద్యాల మెట్టినిల్లు, కల్లూరు పుట్టిల్లు. ఆ చలికాలం నేను తొలిచూలు. దీపావళికొకసారి, సంక్రాంతికి ముందొకసారి అదే రోడ్డున, అదే ఓర్వకల్లు మీదుగా బస్సులో వచ్చాను, వెళ్లాను. పైగా నా చేతిసంచీలో మా నాన్న కొనిచ్చిన చిన్న జేబు రేడియో ఒకటుండేది. కిటికీ పక్కన కూర్చుని బయల్దేరగానే పెట్టేదాన్ని. ఊరు దాటాక గరగరమనేది. ఆ మోతకు ఏం వినబడుతుందిలే అని కట్టేసి సంచీలో పడేసేదాన్ని. అర కిలోమీటరు ఇవతల, అర కిలోమీటరు అవతల, మొత్తం కిలోమీటరు. బస్సు ఆగకపోతే ఒక్క నిమిషం. ఆగితే అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాల్లో నేను జామకాయలు కొనుక్కున్నాను. ఉప్పూ కారం సరిగా కలపలేదని ఆ అమ్మితో వాదన కూడా పెట్టుకున్నట్టు గుర్తు. ఆమె పొదుపుసంఘంలో మనిషేమో! అద్దం అవతలి బల్లను చూడాలని అంత ముచ్చటపడ్డ నేను, ఆ బల్ల ఆడవాళ్ల చేతుల్లో ఉన్న ఊరిని మొత్తం నాలుగుసార్లు దాటి పోయాను.

ఇరవయ్యేళ్ల తరవాత, మా వీధి అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు వెతుకుతుంటేగానీ ఈ సంగతి నాకు తెలియలేదు.

ఇంకో కథ కూడా ఉంది. అది మూతపడని కథ. తెలంగాణలో జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్ అని చిన్న ఊరు. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థలో చేరిన దళిత మహిళలు సంఘాలు కట్టుకుని జొన్న, కొర్ర, సామ పండిస్తుంటారు. ఇవాళ చిరుధాన్యాలని మనం కిలో ఇంతని పోసి కొనుక్కుంటున్నామే, వాటి విత్తనాల్ని కుండల్లో బూడిద కలిపి కాపాడుకొచ్చింది ఇలాంటివాళ్లే. యునెస్కో సాయంతో 1990ల చివర్లోనే మాచ్‌నూర్‌లో ఒక రేడియో కేంద్రం అమర్చుకున్నారు. స్టూడియో ఉంది, యంత్రం ఉంది, పని నేర్చిన అమ్మాయిలున్నారు. అనుమతి లేదు.

అప్పుడు వాళ్లేం చేశారో తెలుసా? గాలిలోకి వదలలేని కార్యక్రమాల్ని క్యాసెట్లలోకి ఎక్కించారు. ఆ క్యాసెట్లను ఊళ్లకు పట్టుకుపోయి సంఘం కూడిన చోట టేపురికార్డరులో వినిపించారు. గాలిలో పోవలసిన మాటను నడిపించుకుపోయారన్నమాట! అలా ఒకటీ రెండూ కాదు, దాదాపు పదేళ్లు. ఓర్వకల్లువాళ్లు అనుమతి కోసం ఆగలేదు, మాచ్‌నూర్‌వాళ్లు ఆగారు. ఎవరిది తెలివంటే నేను చెప్పలేను. వీళ్లకు భవనముంది, విదేశీ సంస్థ అండ ఉంది, ఢిల్లీ దాకా వెళ్లి వాదించగల స్నేహితులున్నారు. ఓర్వకల్లువాళ్లకు ఉన్నది అర కిలోమీటరు. అయినా 2003లో అది లాగేసుకున్న వార్త దేశంలో ఈ విషయం పట్టించుకున్నవాళ్లందరి చెవినా పడింది. ఆ తరవాతి వాదనల్లో ఓర్వకల్లు పేరు వస్తూనే ఉంది.

2006 నవంబరులో కేంద్రం విధానం మార్చింది. స్వచ్ఛంద సంస్థలు కూడా సామాజిక రేడియో పెట్టుకోవచ్చు. 100 వాట్లు దాటకూడదు. వార్తలు చెప్పకూడదు. (ఇది చదివినప్పుడు నాకు నవ్వాగలేదు. మా వీధి ఆడవాళ్ల చేతికి రేడియో ఇచ్చి వార్తలు చెప్పవద్దంటే, ఇక వాళ్లు చెప్పేదేముంటుంది చెప్పండి!) 2008 అక్టోబరు 15న, గ్రామీణ మహిళా దినోత్సవం నాడు, మాచ్‌నూర్‌లో 'సంఘం రేడియో' ప్రసారం మొదలైంది. ప్రారంభించడానికి వచ్చింది ఎవరనుకున్నారు? 1995 తీర్పు రాసిన జస్టిస్ సావంత్‌గారే. అప్పటికి ఉద్యోగ విరమణ చేసి చాలా ఏళ్లైంది. తాను రాసిన వాక్యం పదమూడేళ్లకు ఒక ఊళ్లో మాటగా మారడం వినడానికి అంతదూరం వచ్చారు.

ఆ రేడియో నడిపింది ఇద్దరు నర్సమ్మలు. ఒకే పేరు కావడంతో ఒకరిని అల్గోల్ నర్సమ్మ అనీ ఇంకొకరిని జనరల్ నర్సమ్మ అనీ పిలుస్తారు. ఇద్దరూ ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. మైకు ముందూ వాళ్లే, అద్దం వెనకా వాళ్లే. మాట్లాడేదీ, రికార్డు చేసేదీ, కత్తిరించి అతికేదీ, మీటలు జరిపేదీ అంతా. విత్తనం గురించి, పశువుల జబ్బుల గురించి మాట్లాడినా, నాట్లప్పటి పాట పాడినా వాళ్ల ఊరి మాటలోనే. మా రాయలసీమవాళ్లకు ఇది బాగా తెలుసు. మా మాట రేడియోలో, సినిమాలో వినబడిందంటే ఎక్కువగా నవ్వించడానికే, లేదా నరకడానికే. ఆవు జబ్బు గురించి మా మాటలో సాదాసీదాగా పది నిమిషాలు ఎవరైనా మాట్లాడితే వినాలని నాకెంత కోరికో!

ఇప్పుడు దేశంలో ఇలాంటి సామాజిక రేడియోలు అయిదువందలు దాటాయి. కాలేజీలవే చాలా. ఆ 1885 చట్టం స్థానంలో 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం చేశారు. ఓర్వకల్లులో ఇప్పుడు విమానాశ్రయముంది, 2021 మార్చిలో తెరిచారు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారి పేరు పెట్టారు. ఆ ఊరి ఆకాశంలో వైర్‌లెస్ మాటలు దర్జాగా తిరుగుతున్నాయి. రెక్కలున్నవాటికి అనుమతి దొరికింది.

ఇదంతా మా వీధి అమ్మాయికి చెప్పాను. తేదీలు వదిలేసి, కథలాగా. "ఆ నర్సమ్మలది ఏం చదువు ఆంటీ?" అంది. "కాలేజీ చదువులేం కావే. చేస్తూ చేస్తూ నేర్చుకున్నారు" అన్నాను. "ఓర్వకల్లోళ్లకి మిషను తిరిగిచ్చిన్యారా?" అంది. నేను మాట్లాడలేదు. కాసేపు వైరు చుట్టింది. తరవాత, "ఈసారి నేను కూచుంటా" అంది.

మొన్న మా కాలనీలో పాటలకార్యక్రమం జరిగింది. పెట్టె ముందు దాన్నే కూర్చోబెట్టాను. వాళ్లమ్మ రెండుసార్లు వచ్చి చూసిపోయింది. ఏమీ అనలేదు. రెండోసారి మాత్రం ఒక గ్లాసులో మజ్జిగ తెచ్చి, మీటలకు తగలకుండా కింద పెట్టి పోయింది. నేను పక్కనుంటే నావైపే చూస్తుందని, "ఎందాకా వినబడుతుందో చూసొస్తా" అని పందిట్లోంచి బయటికి వచ్చి నడిచాను. రామాలయం దాటాను. కిరాణా కొట్టు దాటాను. ఇంకా వినబడుతోంది. అడుగులు లెక్కపెట్టుకుంటూ రోడ్డు మలుపు దాకా వెళ్లాను. అక్కడ లారీల మోతలో పాట పలచనైంది. హార్మోనియం మాత్రం తెలుస్తోంది.

చేతిలో ఫోను మోగింది.

"ఆంటీ, యాడున్నారు? గొంతు ఇనపడతాందా?"

"మలుపు దగ్గరున్నా. హార్మోనియం కాస్త తగ్గించు" అన్నాను.